బండి లేపే ముందు.. కిందికి వంగి చూడండి

ఉద్యోగం వచ్చాక మొదటి జీతాలతో ఏం కొంటారని ఫైనలియర్ కుర్రాళ్లను అడిగితే ఒకప్పుడు ‘బుల్లెట్’ అనేవారు. ఇప్పుడు క్లాసుకు ఒకరిద్దరైనా ‘పాత జిప్సీ అన్నా’ అంటున్నారు. జిమ్నీ అనేవాళ్లూ ఉన్నారు. నలుగురు స్నేహితులు కలిసి డబ్బులు పోగేసి కొంటున్నవాళ్లూ ఉన్నారు. అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా కొన్న వారానికి మొదలవుతుంది. బండి నేరుగా వర్క్‌షాప్‌కి వెళుతుంది. పెద్ద టైర్లు, రెండంగుళాల లిఫ్ట్, ముందు ఇనప బంపర్, నెత్తిన లైట్ల బారు. రీల్‌లో చూసింది చూసినట్టు దింపేస్తారు.

నేనూ అదే చేశాను. లిఫ్ట్ చేయించిన రెండో ఆదివారం వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల నుంచి తిరిగి వస్తున్నాను. వేగం అరవై దాటలేదు. ముందు చక్రం ఒక గుంతలో పడి లేచిందో లేదో, స్టీరింగ్ చేతుల్లో నిలవకుండా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బ్రేకు కొడితే ఇంకా పెరిగింది. యాక్సిలేటర్ వదిలేసి, గట్టిగా పట్టుకుని, ఎలాగో రోడ్డు పక్కకు చేర్చాను. ఎదురుగా బస్సు రాకపోవడం నా తెలివి కాదు, అదృష్టం. మర్నాడు బండి చూసిన ముసలి మెకానిక్ అడిగింది ఒక్కటే: ‘బండి లేపినవ్ సరే బేటా, కింద ఏమేం మారినయో చూసినవా?’

చూడలేదు. మీరు చూడాలనే ఇదంతా.

ముందు ఉన్న బండిని బాగుచేయండి

మారుతి జిప్సీ 1985లో వచ్చింది. అమ్మకాలు ఆగి ఏళ్లవుతున్నా సెకండ్ హ్యాండ్‌లో దానికి గిరాకీ తగ్గలేదు. బరువు టన్నుకు అటూ ఇటూ. నిచ్చెనలాంటి ఛాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు, కమాను కట్టలు. పాడైనా ఎక్కడో ఒకచోట బాగుచేసేవాళ్లు దొరుకుతారు. అయితే మీ చేతికొచ్చే బండి వయసు మీ వయసుకు దగ్గర్లో ఉంటుందని మరచిపోవద్దు.

కాబట్టి కొనేటప్పుడే ఛాసిస్ తుప్పు చూడండి. ముఖ్యంగా కమాను కట్టలు బిగించే చోట సుత్తితో తట్టి చూడండి. ఖంగుమనాలి, డొల్ల శబ్దం రాకూడదు. ముందు చక్రాలను జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే కింగ్‌పిన్ బేరింగులో, వీల్ బేరింగులో అరిగినట్టే. కమాను కట్టల ఆకులు తుప్పుతో అతుక్కుపోయి ఉంటే చక్రం పైకీ కిందికీ స్వేచ్ఛగా కదలదు. వాటిని విప్పి శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, అరిగిన బుష్‌లు మార్చితే చాలు, కొత్త సస్పెన్షన్ వేసినంత తేడా కనిపిస్తుంది. దీన్ని ఎవరూ ‘మోడిఫికేషన్’ అనరు. ఫొటోలో కనిపించదు కూడా. కానీ మొదటి రూపాయి ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే.

కాగితాల సంగతి వేరు. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ అయిందా, వేరే రాష్ట్రానిదైతే ఎన్‌ఓసీ ఉందా చూడాలి. ఆర్మీ వేలంలో కొన్నామని చెప్పే బండ్లకు ఆ వేలం పత్రాలు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు సరిపోలకపోతే ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి.

పైసా ఖర్చు లేని మార్పు

రాళ్ల దారిలో, ఇసుకలో బండికి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది టైర్లలో గాలి తగ్గించడం. గాలి తగ్గితే టైరు నేల మీద పొడవుగా పరచుకుంటుంది. రాయిని కొట్టి ఎగరకుండా దాన్ని చుట్టుకుని ఎక్కుతుంది. రాళ్ల బాటకు 20 - 22 పీఎస్ఐ, మెత్తటి ఇసుకకు 15 - 18 మధ్య మొదలుపెట్టి చూడండి. అంతకంటే దించితే మలుపులో టైరు రిమ్ నుంచి ఊడే ప్రమాదం ఉంది. తగ్గించిన గాలితో వేగంగా వెళ్లకూడదు. తారు రోడ్డెక్కే ముందు తిరిగి నింపాలి. అంటే కావాల్సినవి ఒక మంచి గేజి, బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్.

రెండోది గేర్లు. ట్రాన్స్‌ఫర్ కేస్ మీటలో 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని ఉంటాయి కదా. 4ఎల్‌లో వేగం బాగా తగ్గి, చక్రం దగ్గర బలం అంతే మేర పెరుగుతుంది. ఏటవాలు దిగేటప్పుడు మొదటి గేరులో పెట్టి, కాలు బ్రేకు మీద కాకుండా నేల మీద ఉంచి చూడండి. బండి దానంతటదే నడిచినట్టు దిగుతుంది. పొడి తారు రోడ్డు మీద మాత్రం 4హెచ్ వేయొద్దు. ఇలాంటి బండ్లలో ముందు, వెనక షాఫ్టులు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడా పోయే దారిలేక గేర్ల మీద పడుతుంది. మట్టిలోనైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది.

బొర్రా గుహల నుంచి కటికి జలపాతానికి జీపులు నడిపేవాళ్లను ఎప్పుడైనా గమనించండి. చాలా బండ్లకు ఏ హంగులూ ఉండవు. ఏ రాయి మీద ఏ చక్రం పెట్టాలో వాళ్ల చేతులకు తెలుసు. మొదటి ఆరు నెలలు ఏ మార్పూ చేయకుండా నడపమని చెప్పేది ఇందుకే.

బొమ్మ లైట్ల కంటే కొక్కెం ముఖ్యం

ఎప్పుడో ఒకప్పుడు ఇరుక్కుపోతారు. అప్పుడు ఇంకో బండితో లాగాలి. ఆఫ్‌రోడింగ్‌లో ప్రాణాలు పోయేంత ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది ఇక్కడే. సాగిన తాడులో పేరుకున్న శక్తి ఒక్కసారిగా విడుదలైతే ఊడిన ఇనప ముక్క తూటాలా వస్తుంది.

లాగే కొక్కేలు ముందొకటి, వెనకొకటి ఛాసిస్‌కు బిగించి ఉండాలి, బంపర్‌కు కాదు. బండిని లారీలో కట్టేసుకోవడానికి ఇచ్చే సన్న వంకీలు దీనికి పనికిరావు. ట్రైలర్ తగిలించే గుండు అసలే వద్దు. కుదుపుతో లాగడానికి సాగే నైలాన్ తాడు వేరుగా దొరుకుతుంది. ఇనప గొలుసుతో కుదుపు ఇవ్వకూడదు. గుర్రపు నాడాలా ఉండే బో షాకిల్ మీద అది మోయగల బరువు అచ్చేసి ఉంటుంది. అచ్చులేనిది కొనొద్దు. తాడు మధ్యలో తడి గోనెసంచి గానీ మందపాటి దుప్పటి గానీ వేయండి. తాడు తెగితే దాని విసురును అది కొంత తగ్గిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లను తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరం పంపాకే లాగండి. వీడియో తీసే స్నేహితుడికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అతను నిలబడేది సరిగ్గా తాడుకు ఎదురుగానే.

ఈ సామాను కొన్నాక డబ్బు మిగిలితేనే టైర్ల మాట.

పెద్ద టైరు లెక్క

జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైరు 195/80 ఆర్15. 195 మిల్లీమీటర్ల వెడల్పులో 80 శాతం, అంటే 156 మి.మీ. పక్క గోడ ఎత్తు. పైనా కిందా కలిపి 312. పదిహేను అంగుళాల రిమ్ 381. మొత్తం వ్యాసం 693 మి.మీ. దాని బదులు అందరూ మోజుపడే 235/75 ఆర్15 వేస్తే ఇదే లెక్కన సుమారు 733. తేడా 40 మి.మీ. అయితే యాక్సిల్ చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి మీకు నేల నుంచి దొరికే అదనపు ఎత్తు అందులో సగం, 20 మి.మీ. మాత్రమే. మీ బొటనవేలు వెడల్పు!

దానికి చెల్లించేదేమిటి? చక్రం చుట్టుకొలత దాదాపు 6 శాతం పెరిగింది. అంటే లెక్క ప్రకారం మీటరు 80 చూపిస్తుంటే మీరు 85 దగ్గర వెళుతున్నారు. గేర్లన్నీ అంతే మేర బరువెక్కాయి. బరువైన టైరును ఆపడానికి బ్రేకులు ఎక్కువ కష్టపడాలి. పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకోవచ్చు. రాసుకోకుండా చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్ వేస్తే బేరింగుల మీద భారం పెరుగుతుంది. అసలు సైజులోనే, లేదా ఒక మెట్టు పైన, గట్టి పక్కగోడ ఉన్న ఆల్ టెరైన్ టైర్లు మొదటి రెండేళ్లకు ధారాళంగా సరిపోతాయి.

లిఫ్ట్ చేస్తే ఏమవుతుంది?

ఇప్పుడు నా స్టీరింగ్ కథకు వద్దాం. ముందు చక్రం తిరిగే ఇరుసు గీత నిటారుగా ఉండదు, పైభాగం కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. ఆ కోణమే కాస్టర్. మలుపు తిప్పి వదిలేస్తే స్టీరింగ్ దానంతటదే నేరుగా రావడానికి ముఖ్య కారణం అదే. నా బండికి లిఫ్ట్ చేసినాయన చేసిందల్లా కమాను కట్ట చివరల్లో పొడవాటి షాకిల్స్ వేయడం. చవకైన పద్ధతి. దాంతో యాక్సిల్ కాస్త ముందుకు తిరిగి కాస్టర్ తగ్గింది. అప్పటికే అరిగిన కింగ్‌పిన్ బేరింగులు తోడయ్యాయి. గుంత ఒక్కటే తక్కువైంది, అదీ దొరికింది.

జిమ్నీలో కమాను కట్టల బదులు కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. యాక్సిల్ పక్కకు జరగకుండా ఒక అడ్డకడ్డీ పట్టి ఉంచుతుంది. బండి లేపితే ఆ కడ్డీ కోణం మారి యాక్సిలే ఒక పక్కకు జరుగుతుంది. దాని పొడవు కూడా సరిచేయాలి. ఏ బండైనా సరే, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి జాయింట్లు అరుగుతాయి. బ్రేకు గొట్టాలు పొట్టివైపోయి, చక్రం వేలాడినప్పుడు సాగుతాయి. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. పైగా బరువు పైకి జరుగుతుంది కాబట్టి పక్కవాలులో బోల్తా పడే కోణం తగ్గుతుంది. పైన ఇనప క్యారియర్, దాని మీద స్టెప్నీ పెట్టిన బండి మరీనూ.

రెండంగుళాల లోపు, స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, కాస్టర్ సరిచేసే భాగాలు కలిపి ఇచ్చే పూర్తి కిట్ తప్ప మరోటి మొదటిసారి వద్దు. వర్క్‌షాప్‌లో ఒక్క ప్రశ్న అడగండి: ‘లేపాక కాస్టర్ ఎంతుంటుంది, ఎలా సరిచేస్తారు?’ నవ్వి దాటేస్తే తాళాలు తీసుకుని వచ్చేయండి.

నీళ్ల గురించి ఒక్క మాట. అందరూ స్నార్కెల్ కోసం పరుగెడతారు. అంతకంటే ముందు యాక్సిళ్ల బ్రీదర్ గొట్టం చూడాలి. వేడెక్కిన యాక్సిల్ వాగులో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుని, సీళ్ల గుండా నీటిని పీలుస్తుంది. వాగు దాటి వచ్చాక గేర్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే అదే జరిగినట్టు. బ్రీదర్‌కు పొడవాటి రబ్బరు గొట్టం తగిలించి బానెట్ కిందికి తెస్తే సరి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు నమూనాకు భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో చేరిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పులకు యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ముందు తగిలించే ఇనప గార్డులపై చర్యలు తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది.

కాబట్టి చేయబోయే మార్పు గురించి ముందే ఆర్‌టీఓ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, బీమా కంపెనీకీ చెప్పండి. చెప్పని మార్పు ప్రమాదం తర్వాత బయటపడితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా దూరితే కేసే. ఉద్యోగంలో చేరేముందు చాలా చోట్ల పోలీసు వెరిఫికేషన్ ఉంటుందని గుర్తుంచుకోండి. ప్రైవేటు స్థలాల్లో శిక్షణ ఇచ్చే క్లబ్బులతో వెళ్లడం అన్నివిధాలా మేలు.

ఇంటర్వ్యూలో ఈ బండి పనికొస్తుందా?

‘హాబీస్: ఆఫ్‌రోడింగ్’ అని రాస్తే పనికిరాదు. మెకానికల్, ఆటోమొబైల్ చదివే మీకు, ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చేసే మీ తమ్ముడికి పనికొచ్చేది ఒక నోటుబుక్కు. మార్పుకు ముందు నేల నుంచి యాక్సిల్ ఎత్తు, బండి బరువు, కాస్టర్, 60 నుంచి ఆగడానికి పట్టిన దూరం (ఖాళీ ప్రైవేటు స్థలంలోనే). మార్పు తర్వాత మళ్లీ అవే. ఏది ఎందుకు మారిందో పక్కన రెండు ముక్కలు.

వాహన కంపెనీల్లో సస్పెన్షన్, టెస్టింగ్ విభాగాల పని దాదాపు ఇదే. పుణెలోని ఏఆర్‌ఏఐ, చెన్నై దగ్గర ఒరగడంలోని జీఏఆర్‌సీ, ఇండోర్ దగ్గర పీతంపూర్‌లోని నాట్రాక్స్ లాంటి పరీక్షా కేంద్రాల్లో జరిగేదీ ఇదే. బండి నిబంధనలకు సరిపోతుందని కొలిచి, రుజువు చేసి, సంతకం పెట్టడం. దీన్నే హోమోలొగేషన్ అంటారు. మన క్యాంపస్‌లలో దీని పేరు తెలిసినవాళ్లు తక్కువ.

సొంత బండి లేకపోతే ఏమీ ఫరవాలేదు. మీ కాలేజీలో బాహా ఎస్‌ఏఈ ఇండియా జట్టు ఉందేమో చూడండి. విద్యార్థులే ఒంటి సీటు ఆఫ్‌రోడ్ బండిని డిజైన్ చేసి, తయారుచేసి, నాలుగు గంటల ఎండ్యూరెన్స్ పరుగులో నిలబెట్టాలి. అంతకుముందు ప్రతి నిర్ణయాన్నీ, ప్రతి ఖర్చునూ న్యాయనిర్ణేతల ముందు సమర్థించుకోవాలి. ‘ఈ కోణమే ఎందుకు పెట్టావ్?’ అని అడుగుతారు. ‘యూట్యూబ్‌లో చూశాం సార్’ అన్న జట్టుకు మార్కులు రావు.

నా పాత జిప్సీ ఇప్పుడు కంపెనీ ఎత్తులోనే ఉంది. బేరింగులు కొత్తవి, బుష్‌లు కొత్తవి, లిఫ్ట్ షాకిల్స్ అటక మీద. పోయిన వర్షాకాలం అదే అనంతగిరి బురదలో, నాలుగంగుళాలు లేపిన బండి ఒకటి ఇరుక్కుంటే దీంతోనే లాగాం. గోనెసంచి నేనే తెచ్చాను.