మీకు తెలుసా? చెక్కనూ కరిగించి అచ్చు పోయొచ్చు

ప్లాస్టిక్ మగ్గు వేడి తగిలితే మెత్తబడి ఒంగిపోతుంది. చెక్క అలా కాదు. నల్లబడుతుంది, పొగ వస్తుంది, చివరికి బొగ్గవుతుంది తప్ప ఎక్కడా కరగదు. అదే చెక్క స్వభావాన్ని రసాయనాలతో మార్చి, ప్లాస్టిక్‌లాగే కరిగేట్టు చేయొచ్చు!

చెక్క కరగకుండా అడ్డుపడేది ముఖ్యంగా అందులోని సెల్యులోజ్. వేల గ్లూకోజ్ యూనిట్లు వరుసగా అతుక్కున్న గొలుసు అది. ఒక్కో యూనిట్‌కీ మూడేసి హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి. ఇవి పక్క గొలుసులతో హైడ్రోజన్ బంధాలు కలుపుకుంటాయి. విడిగా చూస్తే బలహీనమైన బంధాలే. కానీ అన్నీ కలిసి గొలుసులను కదలనివ్వవు. వాటిని విడదీసేంత వేడి ఇచ్చేలోపే గొలుసులే తెగిపోయి చెక్క మాడిపోతుంది.

1970ల చివర్లో జపాన్‌లోని క్యోటోలో నొబువో షిరాయిషి, ఆయన సహచరులు ఈ హైడ్రాక్సిల్ సమూహాల మీదే దృష్టి పెట్టారు. చెక్కపొడిలోని ఆ సమూహాలకు కొవ్వు ఆమ్లాల పొడవాటి తోకలు తగిలించారు. తోకలు అడ్డురావడంతో గొలుసులు ఎడమయ్యాయి, బంధాలు సడలాయి. ఆ పొడిని వేడి చేసి నొక్కితే కరిగి పలచని పొరగా మారింది. సెల్యులాయిడ్ అప్పటికే వందేళ్ల పాతది, నిజమే. కానీ దానికి శుద్ధి చేసిన సెల్యులోజ్ కావాలి. ఇక్కడ చెక్కలోని మరో ముఖ్య పదార్థమైన లిగ్నిన్‌తో సహా చెక్క మొత్తం కరిగింది. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

తోక పొడవు చాలా ముఖ్యం. రెండు కార్బన్ల ఎసిటైల్ సమూహం తగిలిస్తే చెక్క తేమకు అంతగా ఉబ్బదు, కానీ సరిగ్గా కరగదు. పన్నెండు కార్బన్ల లారిక్ ఆమ్లం తోక అయితే కరుగుతుంది. మన కొబ్బరినూనెలో దాదాపు సగం ఉండేది ఈ ఆమ్లమే. బెంజైల్ క్లోరైడ్‌తోనూ చెక్కను కరిగేట్టు చేయొచ్చు గానీ, అది క్యాన్సర్ ముప్పున్న రసాయనం. పైగా ఈ పద్ధతులన్నిటికీ రసాయనాలు భారీగా కావాలి. మామూలు ప్లాస్టిక్‌తో ధరలో పోటీపడటం కష్టమైంది అందుకే.

ఇప్పుడు షాపుల్లో కనిపించే డబ్ల్యూపీసీ తలుపులు, బోర్డులు ఇలా కరిగించిన చెక్కతో చేసినవే అనుకోకండి. వాటిలో చెక్కపొడి ప్లాస్టిక్‌లో కలిపిన పూరకం మాత్రమే. వేడికి కరిగేది ఆ ప్లాస్టిక్కే, చెక్క కాదు.