రుచికి పుణ్యం తోడైతే...

మంచి భోజనాన్ని ఇష్టపడటం దోషం కాదు. తినండి, త్రాగండి, కాని మితిమీరకండి అన్నదే దివ్య ఖుర్‌ఆన్ (7 : 31) బోధనలోని సారాంశం. అయితే ఇష్టం ఉన్నచోటే పరీక్ష కూడా ఉంటుంది. మనకు ప్రీతికరమైన వాటిలో నుంచి ఖర్చు చేయనంతవరకు పుణ్యస్థాయిని అందుకోలేమని ఆలి ఇమ్రాన్ సూరా (3 : 92) స్పష్టం చేస్తోంది. అద్దహ్ర్ సూరా (76 : 8) నిరుపేదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టే సజ్జనులను ప్రశంసించింది. ఆ వాక్యంలోని ‘అలా హుబ్బిహీ’ అనే మాటకు వ్యాఖ్యాతలు రెండు అర్థాలు చెప్పారు. అల్లాహ్ పట్ల ప్రేమతో పెట్టడం ఒకటి. ఆ అన్నం తమకెంత ఇష్టమైనా పెట్టడం రెండవది. ఈ రెండవ అర్థం భోజనప్రియులందరూ గుర్తుంచుకోదగినది.

2014లో బకెట్ నిండా మంచునీళ్లు నెత్తిన కుమ్మరించుకునే సవాలు ప్రపంచమంతటా వ్యాపించింది. ఏఎల్‌ఎస్ అనే నరాల వ్యాధిపై అవగాహనకు, పరిశోధనకు నిధులు సేకరించడం దాని ఉద్దేశం. ఆ ఏడాది ఆగస్టులో హైదరాబాద్‌కు చెందిన పాత్రికేయురాలు మంజులత కళానిధి ఆ ఆటను మన నేలకు తగినట్లు మార్చారు. నీళ్లకు బదులు బియ్యం! ఒక బకెట్ బియ్యమో, వండిన అన్నమో అవసరంలో ఉన్నవారికి ఇచ్చి, మిత్రులను కూడా అలాగే చేయమని సవాలు విసరడమే ‘రైస్ బకెట్ ఛాలెంజ్’. సరదాగా మొదలైన ఆ మాట కొద్ది రోజుల్లోనే దేశమంతటా వినిపించింది. మంచిపనికి ముఖం ముడుచుకోనవసరం లేదని అది నిరూపించింది.

లాటరీ వద్దన్న పెద్దాయన

గత సంవత్సరం షాబాన్ నెలలో మా వీధి మహిళలం కొందరం కలిసి ఇలాంటి ప్రయత్నమే చేశాము. ఎవరి చేతివంట వారు తెచ్చి అమ్మాలి. వచ్చిన సొమ్ముతో పేద కుటుంబాలకు రంజాన్ సరుకులు ఇవ్వాలి. లుఖ్మీలు, దహీ వడలు, ఖుబానీ కా మీఠా అన్నీ సిద్ధమయ్యాయి. జనం ఎక్కువగా రావాలంటే టిక్కెట్లు అమ్మి, చీటీ తీసి, గెలిచినవారికి ఒక దేగ్ బిర్యానీ ఇద్దామని మాలో ఒకరు సూచించారు. అందరికీ నచ్చింది.

మసీదులోని పెద్దాయనను సలహా అడగ్గా, ఆయన అజ్ఞానకాలపు ఆచారాన్ని గుర్తుచేశారు. ఆనాటి అరబ్బులు ఒంటెను కోసి, మాంసాన్ని వాటాలు వేసి, బాణాలతో జూదం ఆడేవారు. ఓడినవారు ఒంటె ధర చెల్లించేవారు. గెలిచినవారు మాంసాన్ని పేదలకు పంచి గొప్పలు చెప్పుకునేవారు. అంటే అందులో విందూ ఉంది, వినోదమూ ఉంది, దానమూ ఉంది! అయినా దానిలోని లాభం కంటే పాపమే పెద్దదని ఖుర్‌ఆన్ (2 : 219) తెలిపింది, తరువాత పూర్తిగా నిషేధించింది (5 : 90). ఉద్దేశం మంచిదైనంత మాత్రాన మార్గం ధర్మసమ్మతం కాదని మాకు ఆ రోజు అర్థమయింది.

చీటీ మానుకున్నాము. పిల్లల కళ్లకు గంతలు కట్టి, రుచి చూసి మసాలా దినుసుల పేర్లు చెప్పే ఆట పెట్టాము. ప్రవేశ రుసుము లేదు. బహుమతి ఒక పెద్దావిడ తన సొంతంగా ఇచ్చారు. షాజీరాను జీలకర్ర అన్న పిల్లవాణ్ణి చూసి వాళ్ల నానమ్మ నవ్విన నవ్వు మాకింకా గుర్తుంది.

మా పొరపాటు

సరుకులు పంచిననాడు మేము ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాము. దాతలకు లెక్క చూపాలన్నది మా ఆలోచన. రెండు రోజుల తరువాత ఒక అమ్మాయి మా గుమ్మం ముందు నిలబడింది. “ఖాలా, అమ్మ ఫోటో తీసేయండి. మా క్లాసు పిల్లలు చూశారు” అంది. అంతకు మించి ఏమీ అనలేదు. వెంటనే తీసేశాము. కాని అప్పటికే ఎందరి ఫోన్లలోకి చేరిందో మాకు తెలియదు. ఈద్‌కు ముందు రెండవసారి సరుకులు ఇచ్చినప్పుడు ఆ తల్లి రాలేదు.

ఎత్తిపొడుపులతో, మనసు నొప్పించడంతో దానాన్ని వ్యర్థం చేసుకోవద్దన్న ఆదేశం (2 : 264) మేము ఎన్నిసార్లో చదివాము. మేము ఒక్క మాట కూడా అనకుండానే ఆమె మనసు నొప్పించాము. దానాన్ని బహిరంగంగా ఇవ్వడమూ మంచిదే. గుట్టుగా పేదలకు చేర్చడం మరింత మేలు (2 : 271). బహిరంగపరచవలసింది లెక్కలను, ముఖాలను కాదు. క్షమాపణ కోసం ఆమె ఇంటికి వెళ్లాము. టీ ఇచ్చారు, ఫోటో సంగతి ఎత్తలేదు. వంటలో ఆమెది మంచి చేయి అని అక్కడే తెలిసింది. ఈ సంవత్సరం తగిన కూలి ఇస్తాము, బగారా అన్నం వండిపెట్టండని అడిగాము. ఆలోచించి చెబుతానన్నారు.

చేయదలచినవారికి

ఇలాంటి కార్యక్రమం తలపెట్టే సోదరీమణులకు మా అనుభవం నుంచి కొన్ని మాటలు. దినుసుల ఖర్చు ఎవరు భరిస్తారో ముందే నిర్ణయించుకోండి. అమ్మకం సొమ్మును, జకాత్ సొమ్మును కలపకండి. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్‌ఆన్ (9 : 60) ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. ఎవరు ఎక్కువ తింటారనే పోటీలు పెట్టకండి. పొట్టలో మూడోవంతే ఆహారానికన్న ప్రవక్త (స) హితవును పిల్లలు మరచిపోయేది అక్కడే. మిగిలిన వంటకం పాడైపోకముందే ఎవరికి చేర్చాలో పేర్లు రాసి ఉంచుకోండి. సరుకులు చీకటి పడ్డాక ఇళ్లకే పంపండి.

ఇంత ఏర్పాటు చేయలేనివారు నిరాశ చెందనవసరం లేదు. కూర వండేటప్పుడు కాస్త నీళ్లు ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు ఉపదేశించారు. దానికి టిక్కెట్టూ అక్కరలేదు, ఫోటో కూడా అక్కరలేదు. ఒక గరిటె నీళ్లు, పక్కింటి తలుపు వరకు నాలుగడుగులు చాలు.

మన వంటింటి సువాసన ఆకలిగొన్నవారి ఇంటి వరకు చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.