గండికోట: కొండకే గండి కొట్టిన పెన్నా.. ఆ రాళ్లు ఇటుకల్లా ఎందుకున్నాయి? అంచున ఎందుకు నిలబడొద్దు?

గండి పడిందంటే బందరు, గుడివాడ, దివిసీమ వాళ్లకు గుండె దడే. కాలవ గట్టు తెగిందని, చేలు మునిగాయని అర్థం. కానీ కడప జిల్లాలో ఓ నది ఏకంగా కొండకే గండి కొట్టింది. ఆ గండి పక్కన కట్టిన కోటే గండికోట. 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అంటూ మీ ఫోన్లో తిరిగే రీల్స్ ఇక్కడివే. వెళ్లే ముందు ఆ రాళ్ల సంగతి తెలుసుకోండి. చూడ్డానికీ బాగుంటుంది, ప్రాణానికీ మంచిది.

ఇటుకలు పేర్చిందెవరు?

ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్నా పారే చోటు ఇది. లోయ లోతు దాదాపు 300 అడుగులు. గోడలు చూస్తే ఎవరో పెద్ద పెద్ద ఇటుకలు పేర్చినట్టుంటాయి. నిజానికి కోట్లాది ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. అందులో పొరలు పొరలుగా పేరుకున్న ఇసుకే, పైబరువుకు నలిగి గట్టిపడి క్వార్ట్‌జైట్ అనే రాయిగా మారింది. అడ్డంగా కనిపించే గీతలు ఆ పొరలు. నిలువు గీతలు తర్వాత వచ్చిన పగుళ్లు. రెండూ కలిస్తే ఇటుక ఆకారం. ఎరుపు రంగేమో రాతిలోని ఇనుముది. ఒక రకంగా తుప్పే!

మన గట్టు జారుతుంది.. అది విరుగుతుంది

మన వైపు నేలంతా కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు. వాన పడితే గట్టు మెత్తబడి జారుతుంది. క్వార్ట్‌జైట్ అలా కాదు. నిట్టనిలువుగా నిలబడి, పగులు ఉన్న చోట ఒక్కసారిగా ఊడుతుంది. అంచున గట్టిగా కనిపించే బండకు చుట్టూ పగుళ్లే ఉండొచ్చు. అసలు ప్రమాదం అక్కడే. కాబట్టి చివరి బండ మీద సెల్ఫీ వద్దు. రెండు బండలు వెనక్కి నిలబడినా లోయ అంతే బాగా కనిపిస్తుంది.

ఒక్క రోజు నడక ఇలా..

ముందు రోజే జమ్మలమడుగు చేరుకోండి. అక్కడి నుంచి గండికోట 15 కిలోమీటర్లు. తెల్లవారుజామునే బయలుదేరితే సూర్యోదయం లోయ దగ్గరే చూడొచ్చు. తర్వాత మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం తీరిగ్గా తిరగొచ్చు. ఇది పెమ్మసాని నాయకులు ఏలిన కోట. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. వేసవిలో మాత్రం బండలు కాలిపోతాయి, నీడ తక్కువ. నీళ్లు, టోపీ, పట్టున్న బూట్లు మర్చిపోవద్దు. వాన పడిన రోజు బండలు జారతాయి, అంచు వైపే వెళ్లొద్దు. కింద నీళ్లు నిలకడగా కనిపించినా దిగొద్దు.

నది కొండను కోస్తే గండికోట, కోసిన మట్టిని తెచ్చి పోస్తే దివిసీమ. నదులు వేరైనా పని ఒకటే. అది చూసి రండి, క్షేమంగా రండి.