మూల గట్టిగా ఉంటేనే గోడకు అందం

సొంతిల్లు కట్టుకునేటప్పుడు గేటు డిజైన్ నుంచి గచ్చు రంగు దాకా అన్నిటికీ పదిసార్లు ఆలోచిస్తాం. లోపలి గోడల ప్లాస్టరింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'మేస్త్రి చూసుకుంటాడులే' అని వదిలేస్తాం. తీరా గృహప్రవేశం అయ్యాక పెచ్చులూడితే మళ్లీ ఖర్చు, ఇల్లంతా దుమ్ము! పని దగ్గర ఉండి చూసుకునేది మీరే అయితే ఈ సంగతులు తెలుసుకోండి.

ముందుగా...

కరెంటు, నీళ్ల పైపులు బిగించాకే పని మొదలుపెట్టించాలి. తర్వాత గోడ తొలిస్తే ఆ అతుకు ఎప్పటికైనా బయటపడుతుంది. ఇటుకల సందుల్ని సుమారు ఒక సెంటీమీటరు లోతున గీకించి, దుమ్ము దులిపి, గోడను తడపాలి. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తుంది. దాంతో సిమెంటు గట్టిపడదు. కాంక్రీటు స్తంభం, ఇటుక గోడ కలిసేచోట పగులు రావడం మామూలే. అక్కడ సన్నని ఇనుప వల కొట్టిస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

మాలు ఇలా...

లోపలి గోడలకు 1 పాలు సిమెంటుకు 6 పాళ్ల ఇసుక, 12 మిల్లీమీటర్ల మందం సరిపోతాయి. ఇసుక జల్లించి వాడాలి. ఉప్పు ఇసుక వద్దే వద్దు. కలిపిన మాలును అరగంటలోపే వాడేయాలి. మేస్త్రి భోజనానికి వెళ్లొచ్చేసరికి బిగిసిన మాలులో మళ్లీ నీళ్లు పోసి కలిపితే ఒప్పుకోకండి. తడి ఆరడానికని గోడ మీద పొడి సిమెంటు చల్లనివ్వొద్దు. సన్నని పగుళ్లకు అదీ ఒక కారణం.

మూలల సంగతి

బీరువా తగిలినా, పిల్లల సైకిల్ గుద్దినా ముందు విరిగేది మూలే. అంచుకు నిలువుగా చెక్క బద్ద కట్టి, తూకపు గుండుతో సరిచూసి, ఒక్కో వైపు పూయించాలి. అంచు మరీ పదునుగా కాక కాస్త గుండ్రంగా ఉంటే త్వరగా విరగదు, పిల్లలకూ దెబ్బ తగలదు. రాకపోకలు ఎక్కువున్న చోట పూతకు ముందే పీవీసీ కార్నర్ పట్టీ పెట్టించుకోవచ్చు. ఇంటి పని పూర్తయ్యేదాకా మూలలకు గోనెసంచి చుట్టి ఉంచితే సరి.

విరిగిన మూలను లప్పంతో కప్పేస్తే నిలవదు. వదులైనదంతా రాల్చి, తడిపి, సిమెంటు పాలు పూసి, 1:3 మాలుతో నింపించాలి.

నీళ్లు మరవొద్దు

పూసిన మర్నాటి నుంచి కనీసం 7 రోజులు గోడ ఆరకుండా తడపాలి. పెద్ద ఖర్చులేని పని కాబట్టే అందరికీ దీనిమీద అశ్రద్ధ!

చివరగా, రంగులు వేయకముందే గోడంతా వేలి కణుపులతో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చినచోట చాక్‌పీసుతో గుర్తుపెట్టి, తీయించి మళ్లీ పూయించండి. మేస్త్రికి ఆఖరి బిల్లు ఇచ్చేది ఆ తర్వాతే.