షికాగో మహాసభలో రెండవ పేరు

అమెరికా దేశమున అధ్యక్షపదవికి పోటీచేయువాడు ఉపాధ్యక్షపదవికి తనతో నిలువవలసినవానిని తానే ఎంచుకొనుట నేడు మనకెంత సహజముగ తోచినను, ఆ దేశపు రాజ్యాంగమును రచించిన పెద్దలు అట్టి ఏర్పాటును ఊహింపనైన లేదు. వారి విధానమున అధికసంఖ్యాకములగు వోట్లు పొందినవాడు అధ్యక్షుడు, తరువాతివాడు ఉపాధ్యక్షుడు. తత్ఫలితముగ 1796లో జాన్ ఆడమ్స్ అధ్యక్షుడు కాగా, ఆతనితో పోరాడి ఓడిన థామస్ జెఫర్‌సనే ఆతని ప్రక్కన ఉపాధ్యక్షుడై కూర్చుండెను. 1800లో జెఫర్‌సనుకును, ఆతని పక్షమువాడే యగు ఆరన్ బర్‌కును చెరి 73 ఎలక్టోరల్ వోట్లు వచ్చుటచే, ప్రతినిధిసభ 36 పర్యాయములు వోటింగు జరిపినగాని ఆ చిక్కు వీడలేదు. 1804 నాటి పండ్రెండవ సవరణ రెండు పదవులకును వేరువేరుగ వోటు వేయవలెనని శాసించిన పిమ్మట, పక్షములు ఇరువురి పేర్లను జంటగ ప్రజల ముందుంచు ఆచారము స్థిరపడెను.

మన దేశమున ఉపరాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులు ప్రత్యేకముగ ఎన్నుకొందురు. 1969 మే నెలలో జాకిర్ హుస్సేన్ మరణించినపుడు, ఉపరాష్ట్రపతియగు మన వి. వి. గిరి తాత్కాలికముగ మాత్రమే ఆ బాధ్యత వహించి, తరువాత ఎన్నికలో నిలిచి గెలిచినగాని రాష్ట్రపతి కాలేదు. అమెరికాలో అట్లుకాదు, అధ్యక్షుడు కన్నుమూసిన క్షణమునుండి మిగిలిన పదవీకాలమంతటికిని ఉపాధ్యక్షుడే అధ్యక్షుడు. ఇంతటి ఫలము గల నిర్ణయమును అభ్యర్థులు సాధారణముగ ఏ దృష్టితో చేయుదురనగా, వోట్ల దృష్టితో. 1960లో మసాచుసెట్సువాడును, కాథలిక్కు మతస్థుడును అగు కెనడీ, తన ప్రత్యర్థియగు లిండన్ జాన్సనును పిలిచి ప్రక్కన నిలుపుకొనుటకు టెక్సాసు రాష్ట్రపు 24 ఎలక్టోరల్ వోట్లు చాలినంత కారణము.

అయితే నా అభిప్రాయమున ఇట్టి ఎంపికలన్నిటిలో మిక్కిలి విచిత్రమైనది 1944 నాటిది. ఏలయన, ఆనాడు నిర్ణయింపబడుచున్నది ఉపాధ్యక్షుడు కాదని ఆ వ్యవహారమును నడపిన వారందరును ఎరుగుదురు. ఎరిగియు ఆ మాటను బహిరంగముగ పలుకుట ఎవరికిని సాధ్యము కాకపోయెను.

నాలుగవ పర్యాయము పోటీకి సిద్ధపడిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టును ఆ యేడు మార్చినెలలో పరీక్షించిన హృద్రోగనిపుణుడు హోవర్డ్ బ్రూయన్, రక్తపోటు మితిమీరినదనియు, గుండె దుర్బలమైనదనియు కనుగొనెను. ఈ సంగతి ప్రజలకు తెలియనీయలేదు. కాని పక్షనాయకులకు కండ్లున్నవి గదా! చిక్కి, వన్నెతగ్గిన ఆ ముఖమును చూచిన ప్రతివాడును, రాబోవు నాలుగేండ్లలో శ్వేతసౌధమునకు వారసుడెవరని లోలోపల లెక్కవేసికొనుచునే యుండెను.

అప్పటి ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్. అయోవా రాష్ట్రపువాడు, వ్యవసాయశాస్త్రమున దిట్ట, కార్మికులకును నల్లజాతివారికిని ఆప్తుడు. ఆతనిని అంగీకరింపనిచో తానే తప్పుకొందునని 1940లో అభ్యర్థులను నిర్ణయించు పక్షమహాసభను బెదరించి నిలిపినవాడు రూజ్‌వెల్టే. వోటర్లలో వాలెసుకు గల ఆదరము గొప్పది. కాని దక్షిణరాష్ట్రములవారికిని, మహానగరములలో పక్షయంత్రమును నడపు నాయకులకును ఆతడు కంటగింపు. 1944 జులై 11వ తేది రాత్రి శ్వేతసౌధమున విందుకు చేరిన ఆ నాయకులు ఒక్కొక్క పేరును తీసి తూచిరి. దక్షిణ కరోలినావాడగు జేమ్స్ బర్న్స్ సమర్థుడే, కాని కార్మికసంఘములకు గిట్టడు. పైగా కాథలిక్కు మతమును వీడినవాడు గనుక ఆ మతస్థుల వోట్లు పోవునని భయము. తుదకు, ఎవరికిని అంతగా ఇష్టుడు కాకున్నను ఎవరికిని శత్రువు కాని మిస్సోరీ సెనేటరు, యుద్ధవ్యయములపై విచారణసంఘమునకు అధ్యక్షుడై మంచిపేరు తెచ్చుకొనిన హారీ ట్రూమన్ మిగిలెను.

రూజ్‌వెల్టు నడవడి ఇచట గమనింపదగినది. వాలెసుతో మాటాడినపుడు వాలెసుకును, బర్న్సుతో మాటాడినపుడు బర్న్సుకును, తానే ప్రభువుకు అభిమతుడనన్న విశ్వాసము కలుగునట్లు మాటాడెను. మహాసభకు పంపిన లేఖలో, తానే ప్రతినిధినైనచో వాలెసుకు వోటు వేయుదుననియు, అయినను ఎవరిని నిర్బంధింపననియు వ్రాసెను. పక్షాధ్యక్షుడగు రాబర్ట్ హానెగానుకు మరియొక లేఖ నిచ్చి, అందు ట్రూమనుగాని, సుప్రీముకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లసుగాని తనకు సమ్మతమేననెను. మొదట డగ్లసు పేరే ముందుండెననియు, హానెగాన్ కోరగా పేర్లను తారుమారు చేసి మరల టైపు చేయవలసివచ్చెననియు రూజ్‌వెల్టు కార్యదర్శిని గ్రేస్ టల్లీ తరువాత తన జ్ఞాపకములలో వ్రాసినది. చరిత్రకారులందరును దీనిని విశ్వసింపరు.

ట్రూమన్ మహాసభకై షికాగో చేరినది బర్న్సు పేరును ప్రతిపాదించుటకు! తనకు ఆ పదవి వలదని చెప్పుచుండగనే నాయకులు ఆతనిని బ్లాక్‌స్టోన్ హోటలులో ఒక గదికి రప్పించి, సాన్ డియాగోలో నున్న రూజ్‌వెల్టును టెలిఫోనులోనికి పిలిచిరి. యుద్ధమధ్యమున పక్షమును చీల్చదలచినచో ఆ పాపము ఆతనిదేయని అధ్యక్షుడు పలికిన పలుకు గదిలోని వారందరికిని వినబడెను. ఇక ట్రూమన్ ఏమనగలడు?

జులై 20 రాత్రి వాలెసు అనుయాయులు సభాభవనమును హోరెత్తించిరి. వాద్యకారుడు అయోవా పాటనే వాయించుచుండెను. ఆ ఊపులోనే వాలెసు పేరును ప్రతిపాదింపవలెనని ఫ్లారిడా సెనేటరు క్లాడ్ పెప్పర్ జనమును చీల్చుకొనుచు వేదికవైపు సాగుచుండగా, సభాపతి సభను మరునాటికి వాయిదా వేసెను. ఆ ఒక్క రాత్రి బేరసారములకు చాలినది. మరునాడు మొదటి లెక్కింపులో వాలెసుకు 429½, ట్రూమనుకు 319½ వోట్లు వచ్చెను. రెండవ లెక్కింపు ముగియునప్పటికి ట్రూమనుకు 1,031, వాలెసుకు 105. ఇందు కుట్రయే యున్నదందురు కొందరు. నాకంతగా తోచదు, యంత్రము తన పని తాను చేసినది. నిందింపవలసినచో, మనసు విప్పి ఎవరితోను మాటాడని ఆ ఒక్క మనుష్యునే నిందింపవలెను.

ఆగస్టులో శ్వేతసౌధపు తోటలో కలిసి భుజించునపుడు రూజ్‌వెల్టు చేయి వణకుట చూచి ట్రూమన్ నివ్వెరపడెను. 1945 జనవరి 20న ప్రమాణము చేసిన పిమ్మట కూడ అధ్యక్షుడు తన వారసుని చేరదీసినది లేదు. అణ్వాయుధ రహస్యము ఆతని చెవిని వేసినది అంతకన్నను లేదు. ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్సులో రూజ్‌వెల్టు మరణించెను. 82 దినములు ఉపాధ్యక్షుడుగ నున్నవాడు ఆ సాయంకాలమే అధ్యక్షుడయ్యెను. అటువంటి ఆయుధ మొకటి తయారగుచున్నదని యుద్ధమంత్రి స్టిమ్‌సన్ ఆతనికి ఆనాడే సూచనమాత్రముగ తెలిపి, పూర్తి వివరము 25వ తేదిన చెప్పెను.

ఉపాధ్యక్షుని స్థానము ఖాళీయైనచో నింపు మార్గము అప్పటి రాజ్యాంగమున లేదు. అది 1967 నాటి ఇరువదియైదవ సవరణతోగాని రాలేదు. కావున ట్రూమన్ దాదాపు నాలుగేండ్లు ఉపాధ్యక్షుడు లేకయే పాలించెను. 1948లో తానే ఒకనిని ఎంచుకొనవలసివచ్చినపుడు, రూజ్‌వెల్టు లేఖలో తన పేరు ప్రక్కన నిలిచిన డగ్లసునే మొదట అడిగెను. న్యాయమూర్తి ఒల్లననెను. అప్పుడు తనకంటె ఆరేండ్లు పెద్దవాడు, 70 ఏండ్ల వయస్సువాడు అగు కెంటకీ సెనేటరు ఆల్బెన్ బార్క్‌లీతో తృప్తిపడెను.