హైపరా? హైపోనా?

డాక్టరుగారి చీటీలో "హైపర్", "హైపో" అను మాటలు మీరు చూచియుందురు. ఇవి క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషనుండి వచ్చినవి. "హుపెర్" అనగా పైన, "హుపొ" అనగా క్రింద. హైపర్‌టెన్షన్ అనగా రక్తపోటు హెచ్చుట. హైపోథైరాయిడ్ అనగా థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేయుట.

చెవికి దగ్గరగా నున్నను ఈ రెండును అర్థములో ఎదురెదురు. చక్కెర వ్యాధి గలవారికి ఈ తేడా ప్రాణముతో సమానము. హైపర్‌గ్లైసీమియాలో రక్తములో చక్కెర పెరుగును. దాహము, మాటిమాటికి మూత్రము వచ్చును. హైపోగ్లైసీమియాలో అది డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకన్న తగ్గును. చెమటలు, వణుకు, ఆకలి, తికమక కలుగును. ఇన్సులిన్ వేసికొని అన్నము మానినవారికి ఇది రావచ్చును.

"షుగరున్నవారికి తీపి వద్దు" అని అప్పుడు ఇంటివారు ఊరకుండరాదు. స్పృహలో నున్నయెడల మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే త్రాగించవలెను. 15 నిమిషములలో తేరుకొననియెడల మరల ఇవ్వవలెను. తేరుకొనిన తరువాత భోజనము పెట్టవలెను. స్పృహ లేనియెడల నోట ఏమియు పోయక 108కి ఫోను చేయవలెను.

పైన, క్రింద అను ఈ రెండు మాటలు ఇంటిల్లిపాదికి నేర్పుడి.