అడ్డుకట్ట ముందా, గోడ ముందా?

చోడవరం: నూతికి ఒరలు దించకముందే వాన ముంచుకొస్తే ఏమవుతుందో మన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. పోలవరంలోనూ అదే తీరు. నది అడుగు ఇసుకలోంచి నీరు జారిపోకుండా కట్టే డయాఫ్రం గోడ 2018లో పూర్తయింది. వరదను మళ్ళించే కాఫర్ డ్యాములకు మాత్రం ఖాళీలు మిగిలాయి. 2019, 2020 వరదల ఉరవడికి గోడ దెబ్బతిన్నది. తప్పు మీదంటే మీదని పాలకులు వాదించుకున్నారు. గోదావరికి ఏటా వరద వచ్చే నెలలు ఎవరికి తెలియవు?

2025 జనవరిలో పక్కనే కొత్త గోడ పని మొదలుపెట్టారు.

మనకెందుకంటారా? పోలవరం ఎడమ కాలువ నీటిని ఎత్తిపోసి ఉత్తరాంధ్రలో 8 లక్షల ఎకరాలు తడపాలన్నదే సుజల స్రవంతి పథకం. ఆ గోడ లేచి, దానిపై డ్యాం నిలిస్తేనే నిండుగా నీరు. అందాకా ఇక్కడి చెరకు తోటలకు ఇప్పుడున్న నీటి వనరులే గతి.